కడుపు నొప్పి ఆదివారం ఎందుకు రాదు?

జూన్ 12 దగ్గరికొచ్చేసింది. చౌటుప్పల్‌లో పుస్తకాల దుకాణాల ముందు కొత్త బ్యాగులు వేలాడుతున్నాయి. ఇంకో వారమైతే పొద్దున ఏడున్నరకే హైవే పక్కన సర్వీస్ రోడ్డు మీద పసుపు వ్యాన్లు బారులు తీరుతాయి. డ్రైవర్ హారన్ కొడతాడు. సరిగ్గా అదే సమయానికి వాడకు ఒక్క ఇంట్లోనైనా ఏడుపు మొదలవుతుంది. "నేను బడికి పోను!"

ఇలాంటి పిల్లల గురించి మన దగ్గర సలహాలకు కొదవ లేదు. "రెండు అంటించు, వాడే పోతడు" అని ఒకరు. "గారాబం ఎక్కువైంది" అని ఇంకొకరు. "మా కాలంల గిట్ల ఉండేనా?" అని తాతలు. వాళ్ల కాలంలోనూ ఉండేది. బావి కాడ పొద్దు గడిపినవాళ్లు, గడ్డివాము వెనక దాక్కున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కాకపోతే వాళ్లను బడి మాన్పించి పసుల కాడికి పంపేసేవాళ్లు కాబట్టి లెక్కలోకి రాలేదు. సలహా ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒక ప్రశ్న మాత్రం అడగరు. పిల్లాడు ఎందుకు పోనంటున్నాడు?

ఈ వారం ఆ ప్రశ్న గురించే మాట్లాడుకుందాం. నేను డాక్టర్‌ను కాదు, టీచర్‌ను కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అయితే పోయిన ఏడాది మా అక్క ఇంట్లో ఈ గొడవ నెల పైనే నడిచింది. దగ్గరుండి చూశాను. దాన్ని అర్థం చేసుకోవడానికి చదివింది కూడా ఉంది. మీలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఒక తేడా చూద్దాం. బడి ఎగ్గొట్టేవాళ్లు వేరు, బడికి పోలేనివాళ్లు వేరు. ఎగ్గొట్టే పిల్లాడు ఇంట్లో చెప్పడు. బ్యాగు వేసుకొని బుద్ధిగా బయల్దేరి చెరువు గట్టుకో క్రికెట్‌కో పోతాడు. బడికి పోలేని పిల్లాడు ఇంట్లోనే ఉంటాడు. అందరి ముందే ఏడుస్తాడు, కడుపు నొప్పి అంటాడు, ఒక్కోసారి వాంతి చేసుకుంటాడు. చదువంటే ఇష్టం లేదా అంటే అదీ కాదు, సాయంత్రం కూర్చోబెడితే హోంవర్క్ చేస్తాడు. 1941లో అమెరికాలో అడిలైడ్ జాన్సన్ అనే డాక్టర్, ఆమె సహచరులు ఇలాంటి పిల్లల గురించి రాస్తూ 'స్కూల్ ఫోబియా' అన్నారు. తర్వాత్తర్వాత ఆ పేరు చాలదని తేలింది. పిల్లలు భయపడేది ఎప్పుడూ బడికే కాదు, కొందరిది అమ్మను వదిలి ఉండలేని భయం. ఇప్పుడు ఎక్కువగా 'స్కూల్ రెఫ్యూజల్' అంటున్నారు. మన మాటల్లో బడికి పోననడం.

మరి ఆ కడుపు నొప్పి దొంగ నొప్పేనా? చాలాసార్లు కాదు. పరీక్ష హాలు బయటో, ఇంటర్వ్యూ గది ముందో మనకు కడుపులో తిప్పినట్టు అవుతుంది చూడండి, అదే ఇది. భయపడితే గుండె దడదడలాడుతుంది, పొట్ట మెలిపెడుతుంది. ఆరేళ్ల పిల్లాడికి "నాకు ఆందోళనగా ఉంది" అనే మాట రాదు. వాడికి తెలిసింది "కడుపు నొస్తుంది" ఒక్కటే. వ్యాన్ వెళ్లిపోగానే నొప్పి తగ్గిపోతుంది కాబట్టి మనం నాటకం అనుకుంటాం. నిజానికి తగ్గింది భయం, దాంతోపాటే నొప్పి.

ఇక మా ఇంటి సంగతికొస్తాను. మా అల్లుడికి, అంటే అక్క కొడుక్కి, ఆరేళ్లు. ఎల్‌కేజీ, యూకేజీ ఇంటి వెనక వీధిలో చిన్న బడిలో చదివాడు. అక్కడి టీచర్‌ను కూడా "అక్కా" అనేవాడు. ఒకటో తరగతికి కొంచెం పెద్ద స్కూల్లో వేశారు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పోయాడు. బతుకమ్మ, దసరా సెలవులు అయిపోయాక మొదటి రోజు షూ వేస్తుంటే కాలు వెనక్కి లాక్కున్నాడు. "నేను పోను." అంతే, అక్కడ్నుంచి మొదలు.

మా బావ ఊరి దగ్గరి మందుల కంపెనీలో షిఫ్టుల డ్యూటీ చేస్తాడు. రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంట్లో ఏడుపు. మూడో రోజు చెయ్యి లేచింది. పిల్లాడు మంచం కిందికి దూరాడు. అక్క ఇంటి దగ్గరే బట్టలు కుడుతుంది. పొద్దున రెండు గంటలు ఇట్లా పోతే జాకెట్లు టైముకు ఇవ్వలేదు. ఏడాది ఫీజులో సగం అప్పటికే కట్టేశారు. "నీ గారాబం వల్లనే" అని బావ, "నువ్వు కొట్టుడు వల్లనే" అని అక్క. మధ్యలో మా అమ్మ చాక్లెట్ ఇచ్చేది, దిష్టి తీసేది. పిల్లాడు బడికి పోకపోతే దెబ్బతినేది చదువు ఒక్కటే కాదండీ, ఇల్లంతా దెబ్బతింటుంది. అందులోనూ నింద ఎక్కువ తల్లి మీదికే పోతుంది. పక్కింటివాళ్లు కూడా "ఏందమ్మా, మళ్లా పోలేదా?" అని అడిగేది ఆమెనే.

డాక్టర్‌కు చూపించారు. అది మంచి పని, ముందు చేయాల్సింది అదే. నులిపురుగులో, మూత్రంలో ఇన్ఫెక్షనో ఉంటే ఎంత బుజ్జగించినా లాభం లేదు కదా. పరీక్షల్లో ఏమీ లేదన్నారు. అయితే డాక్టర్ ఒక మాట అన్నారట. "ఆదివారం కూడా నొస్తుందా?" లేదు. ఆదివారం పొద్దున్నే లేచి గల్లీలో ఆడుకుంటాడు.

మా పనిలో ఒక అలవాటు ఉంది. ప్రోగ్రాం ఎక్కడో ఆగిపోతోందంటే ముందు దాన్ని తిట్టం, లాగ్ చూస్తాం. ఎప్పుడు ఆగింది, అంతకుముందు ఏం జరిగింది, ఏ రోజు ఆగలేదు అని. అక్కకు అదే చెప్పాను. ఒక పాత నోట్‌బుక్ తీసి రోజూ నాలుగు ముక్కలు రాయమన్నాను. పొద్దున ఏమన్నాడు, పోయిన రోజు ఎలా వచ్చాడు, టిఫిన్ డబ్బా ఎలా ఉంది, సాయంత్రం ఏం చేశాడు. రెండు వారాలు రాసింది. ఆ రెండు వారాల్లో వాడు బడికి పోయింది ఐదు రోజులు.

నోట్‌బుక్‌లో మూడు విషయాలు కనిపించాయి. ఒకటి, పోయిన ఐదు రోజుల్లోనూ నీళ్ల సీసా నిండుగా అట్లనే తిరిగొచ్చింది. రెండు, ఇంటికి రాగానే షూ కూడా విప్పకుండా బాత్రూంలోకి ఉరికేవాడు. మూడు, ఒకరోజు ఏదో కారణంతో మధ్యాహ్నమే బడి వదిలిపెడతామని ముందే చెప్పారు. ఆ రోజు ఏడవకుండా పోయాడు.

ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకు కూడా ఏదో తడుతోంది కదా. అయినా వాడిని నేరుగా అడిగితే చెప్పలేదు. ఆ వయసు పిల్లల్ని "ఎందుకు?" అని నిలదీస్తే జవాబు రాదు. ఆ ప్రశ్న వాళ్లకు తిట్టులా వినిపిస్తుంది. ఒక శనివారం సాయంత్రం బడి ఆట ఆడాం. వాడు సారు, నేను పిల్లాడిని. ఆట మధ్యలో నేను చిటికెన వేలు పైకెత్తి "సార్, ఒంటేలుకు" అన్నాను. వాడు స్కేలు బల్ల మీద కొట్టి, "ఇంగ్లిష్‌ల అడుగు!" అన్నాడు.

అదీ సంగతి. క్లాసులో తెలుగులో మాట్లాడకూడదని నియమం. బాత్రూంకు పోవాలంటే ఒక పొడుగు ఇంగ్లిష్ వాక్యం అప్పజెప్పాలి. వీడికి అందులో సగమే వచ్చు. సెలవులకు ముందు ఒకరోజు ఆ వాక్యం గుర్తు రాక, ఆపుకోలేక, బెంచీలోనే తడిపేసుకున్నాడు. పిల్లలు నవ్వారు. ఒకడు పేరు పెట్టాడు. ఆ తర్వాత వాడు కనిపెట్టిన ఉపాయం నీళ్లు తాగకపోవడం. అది కూడా చేతకాని రోజున చేసిన ఉపాయం, పోకపోవడం.

ఆరేళ్ల పిల్లాడు తన బుర్రకు తోచినంతలో ఒక సమస్యను పరిష్కరించుకుంటున్నాడు. మనం దానికి మొండితనం అని పేరు పెట్టాం.

అక్క క్లాస్ టీచర్‌ను కలిసింది. ఆమె చెడ్డ మనిషేం కాదు. ఒక్కతే అంతమంది పిల్లల్ని చూసుకోవాలి, నియమం పైనుంచి వచ్చింది. విషయం చెప్పగానే ఆమే నొచ్చుకుంది. ఒకటో తరగతి పిల్లలు వేలు చూపిస్తే చాలు, మాట అక్కర్లేదని చెప్పింది. మన బళ్లలో తరాలుగా ఉన్న చిటికెన వేలు అట్లా తిరిగొచ్చింది. వాడి చోటు కూడా తలుపు పక్కకు మార్చింది.

అయితే కారణం దొరికినంత మాత్రాన పిల్లాడు మర్నాడే గెంతుకుంటూ పోడు. భయం అప్పటికే అలవాటైపోయి ఉంటుంది. ఇంట్లో ఉన్న ప్రతి రోజూ "అమ్మయ్య" అనే ఊరట ఇస్తుంది. ఆ ఊరట అప్పు మీద వడ్డీ లాంటిది, రోజురోజుకూ పెరుగుతుంది. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు చెప్పేది ఒకటే. కారణం తెలుసుకోవాలి, కానీ బడితో దారం తెగనివ్వకూడదు. "నెల రోజులు ఇంట్లో ఉంచుదాం, తర్వాత చూద్దాం" అంటే తర్వాత ఇంకా కష్టం.

మా ఇంట్లో మెట్లు మెట్లుగా చేశారు. మొదట ఒక సాయంత్రం బడి ఖాళీ అయ్యాక అక్క వాడిని తీసుకుపోయి బాత్రూం ఎక్కడుందో చూపించింది. మర్నాడు ప్రార్థన దాకా. రెండు రోజులు మధ్యాహ్నం అన్నం దాకా. ఆ తర్వాత పూర్తి రోజు. గేటు దగ్గర వీడ్కోలు చిన్నగా ఉండాలన్నది ఒక షరతు. పది ముద్దులు, ఇరవై జాగ్రత్తలు చెబితే "ఇదేదో భయపడాల్సిన చోటే" అని పిల్లాడికి అర్థమవుతుంది. రెండో షరతు, బడి టైములో ఇంట్లో ఉన్నా సరే ఫోన్, టీవీ లేవు. ఇది శిక్ష కింద కాదు, బడి కన్నా ఇల్లు మరీ రంగుల ప్రపంచం కాకూడదని. మూడోది బావకు, చెయ్యి లేవకూడదు. పదిరోజులు పట్టింది.

అందరి ఇంట్లో కారణం ఇదే ఉండదు. అమెరికన్ సైకాలజిస్టులు క్రిస్టఫర్ కియర్నీ, వెండీ సిల్వర్‌మన్ 1990లో ఒక పద్ధతి చెప్పారు. "ఈ పిల్లకు ఏ జబ్బు?" అని కాకుండా "పోకపోవడం వల్ల ఈ పిల్లకు ఏం దక్కుతోంది?" అని చూడమన్నారు. నాలుగు జవాబులు ఉండొచ్చు. ఒకటి, బడిలో భయం పుట్టించేది ఏదో తప్పుతోంది. బాత్రూం, కొట్టే సారు, వ్యాన్‌లో ఏడిపించే పెద్ద పిల్లలు. రెండు, పదిమందిలో పరువు పోయే సందర్భం తప్పుతోంది. బోర్డు దగ్గరికి పిలవడం, గట్టిగా చదవమనడం, పరీక్ష. మూడు, అమ్మో నాన్నో దగ్గరుంటున్నారు. ఇంట్లో తమ్ముడు పుట్టినప్పుడు, ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, పెద్దవాళ్లు గొడవ పడుతున్నప్పుడు ఇది ఎక్కువ. నాలుగు, బయట అంతకన్నా బాగుంది. ఫోన్, ఆట, నిద్ర. మందు ఒక్కో దానికి ఒక్కోటి. నాలుగో రకానికి కొంచెం గట్టిగా ఉండాలి. మొదటి రకానికి గట్టిగా ఉంటే పిల్లాడు ఇంకా ముడుచుకుపోతాడు. అందరికీ ఒకటే దెబ్బ మందు అనేది అందుకే పనిచేయదు.

మన ప్రాంతానికి ఈ పాఠం కొత్తది కాదు. 1991లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ పని మొదలుపెట్టినప్పుడు పొలాల్లో, ఇళ్లలో పనిచేస్తున్న పిల్లల గురించి వినిపించిన మాటల్లో "వాళ్లకే చదువు మీద ఇష్టం లేదు" అనేది ఒకటి. ఆ సంస్థను నడిపించిన ప్రొఫెసర్ శాంతా సిన్హా బృందం ఆ మాటను నమ్మలేదు. పన్నెండేళ్ల పిల్లాడిని తీసుకొచ్చి ఒకటో తరగతి పసిపిల్లల మధ్య కూర్చోబెడితే వాడు ఉండడు, సిగ్గుతో పారిపోతాడు. అందుకని ముందు శిబిరాల్లో ఉంచి, ఆటపాటలతో మొదలుపెట్టి, కొన్ని నెలల్లో తన ఈడు పిల్లల తరగతికి సరిపడా చదువు చెప్పి, అప్పుడు బడిలో చేర్చారు. దాన్నే బ్రిడ్జి కోర్సు అన్నారు. వేలమంది పిల్లలు అట్లా బడికి వచ్చారు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టంలో కూడా బడి బయట ఉన్న పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలనే నియమం ఉంది.

ఆ పిల్లల కష్టం వేరు, మా అల్లుడి కష్టం వేరు. పోల్చడం లేదు. కానీ రెండు చోట్లా అడ్డుపడింది ఒకటే, సిగ్గు. రెండు చోట్లా దాన్ని దాటించింది కూడా ఒకటే, మధ్యలో కట్టిన చిన్న వంతెన.

పెద్ద పిల్లల్లో ఈ సిగ్గు ఇంకో రూపంలో వస్తుంది. 2020 మార్చిలో కరోనాకు మూతపడ్డ బళ్లు చిన్న తరగతులకు మళ్లీ తెరుచుకున్నది 2021 సెప్టెంబర్ 1న. అక్షరాలు నేర్చుకోవాల్సిన వయసులో ఫోన్ ముందు కూర్చున్న పిల్లలు ఇప్పుడు పై తరగతుల్లో ఉన్నారు. గట్టిగా చదవమంటే గొంతు పెగలని వాళ్లు వాళ్లలో ఉన్నారు. ఐదో తరగతిలో గురుకులంలో చేర్పించిన పిల్ల దసరాకు ఇంటికొచ్చి "నేను మళ్ల పోను" అంటుంది. అది ఇంటి బెంగా, హాస్టల్లో ఎవరైనా సతాయిస్తున్నారా, పాఠం అందడం లేదా? మూడింటికీ ఏడుపు ఒకటే లాగ ఉంటుంది. అడగకుండా బస్సెక్కిస్తే ఏదో మనకు తెలియదు.

ఇది మనకొక్కరికే వచ్చిన బాధ కూడా కాదు. జపాన్‌లో ఏడాదికి 30 రోజులు, అంతకన్నా ఎక్కువ బడికి దూరమైన పిల్లల్ని ప్రభుత్వమే లెక్కపెడుతుంది. జబ్బు వల్లో పేదరికం వల్లో మానేసినవాళ్లు ఆ లెక్కలోకి రారు. 2023 విద్యా సంవత్సరంలో ప్రాథమిక, మాధ్యమిక బళ్లలో అలాంటి పిల్లలు 3 లక్షల 46 వేల పైనే ఉన్నారు. అంత క్రమశిక్షణ ఉందనుకునే దేశంలోనే అంతమంది ఉన్నారంటే, "మా పెంపకంలోనే ఏదో లోపం" అని ఒక్క తల్లి కుమిలిపోవాల్సిన పని లేదు.

కొన్ని చోట్ల మాత్రం ఆలస్యం చేయకండి. పిల్లాడు ఒక మనిషి పేరు వింటేనే బిగుసుకుపోతున్నా, ఒంటి మీద దెబ్బలు కనిపించినా, నిద్రలో ఉలిక్కిపడుతున్నా, మళ్లీ పక్క తడుపుతున్నా, ఇంట్లో కూడా ఆటలు మానేసినా అది మామూలు భయం కాదనుకోండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడమూ నిషేధమే. పిల్లల సాయానికి 1098, మానసిక ఆరోగ్యం కోసం టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే. మన జిల్లాలోనే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది, పిల్లల వైద్యం, మానసిక వైద్యం రెండూ అక్కడ ఉన్నాయి. "పిచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకపోయిన్రంట" అని ఎవరో అంటారని ఆగకండి. చూపు మందగించిందేమో, అక్షరాలు తారుమారుగా కనిపిస్తున్నాయేమో కూడా చూపించండి. బోర్డు కనిపించని పిల్లాడికి బడి మీద ఇష్టం ఎక్కడ్నుంచి వస్తుంది?

మా అల్లుడు ఇప్పుడు రెండో తరగతికి పోతున్నాడు. అన్నీ సర్దుకున్నాయని చెప్పను. సంక్రాంతి సెలవుల తర్వాత మళ్లీ రెండు రోజులు కడుపు నొప్పి వచ్చింది. ఈసారి ఇంట్లో ఎవరూ అరవలేదు. "గేటు దాకా పోదాం పా" అంది అక్క. రెండో రోజు లోపలికి పోయాడు.

బళ్లు తెరిచేలోపు ఇంకా వారం ఉంది. కొత్త బడికి పోయే చిన్నపిల్లలు మీ ఇంట్లో ఉంటే బ్యాగు, షూ కొన్నాక ఇంకో రెండు పనులు చేయండి. ఒకసారి తీసుకుపోయి బాత్రూం, నీళ్ల కుళాయి ఎక్కడున్నాయో చూపించండి. దాహమైతే, ఒంటేలొస్తే, ఎవరైనా కొడితే ఎవరితో చెప్పాలో, ఏ మాటల్లో చెప్పాలో ఇంట్లోనే ఆడించి నేర్పించండి. టీచర్‌ను కలిసినప్పుడు "మావాడు ఎట్లా చదువుతుండు?" అనే ముందు "మావాడు నీళ్లు తాగుతుండా మేడం?" అని అడగండి. ఆ జవాబులో చాలా తెలుస్తుంది.

మీ ఇంట్లో ఇలాంటి గొడవ నడిచి ఉంటే, ఎట్లా దాటారో రాయండి. నాలుగిళ్ల వాళ్లకు పనికొస్తుంది.